తొమ్మిది గ్రహాల రాయిని కొండెక్కించిన సోమలింగం గారు

కోట్ని సోమలింగం గారు ఇక లేరన్న దుర్వార్త నాకు బస్సు కండక్టరు నోట అందింది. మధ్యాహ్నం బడి గంట కొట్టే వేళకు కొండల మీద నుంచి దిగివచ్చే బస్సు మా పాఠశాల ముందు ఆగింది. కండక్టరు దిగి నేరుగా నా తరగతి గుమ్మం దగ్గరికి వచ్చి, తలగుడ్డ విప్పి చేత పట్టుకొని, "మాస్టారూ, రాయిగెడ్డ సావుకారు పోయినారండి. నిన్న తెల్లారగట్ల. మూడ్రోజుల జొరమేనండి" అన్నాడు. నా చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. ఆ పూట పిల్లలకు ఏ పద్యం చెబుతున్నానో ఇప్పుడెంత ఆలోచించినా స్ఫురణకు రావడం లేదు.

మర్నాడు టపాలో ఆయన కార్డు వచ్చింది. జ్వరం తగలక ముందు వేసినది. క్షేమసమాచారం ఒక్క వాక్యం, తక్కినదంతా ప్రశ్న. మీ ఊరి పక్కన పాత శివాలయం ఉన్నదట, దాని గుమ్మం పైన చెక్కిన గ్రహాలు ఎనిమిదా తొమ్మిదా, స్వయంగా వెళ్లి లెక్కపెట్టి రాయవలసింది, ఎనిమిదైతే మన దానికన్న పాతది కావచ్చు, అని. జవాబు ఎవరి పేర రాయాలో తెలియక ఆ కార్డు పట్టుకొని చాలాసేపు వరండాలో కూర్చున్నాను.

ఆయనను ఎరగని పాఠకుల కోసం కొంచెం వెనక్కి వెళ్లాలి. అరకు లోయకూ హుకుంపేటకూ నడుమ, కొండల ఒడిలో ఉన్న చిన్న బజారు ఊరు రాయిగెడ్డ. శుక్రవారం సంత. మూడు తరాల కిందట మైదానం నుంచి ఎద్దుల మీద ఉప్పు వేసుకొని ఘాటీ ఎక్కిన వర్తకులు అక్కడ ఒక వీధి కట్టుకున్నారు. ఉప్పూ కిరసనాయిలూ బట్టా అమ్మి, పసుపూ అల్లమూ చింతపండూ అడ్డాకులూ కొనే వీధి. ఆ వర్తకులలో మొదటివాడు సోమలింగం గారి తాతగారు. ఆయన కట్టించిన రాతి ఇంట్లోనే, ఆయన పెట్టిన కొట్లోనే మనవడు జీవితమంతా గడిపాడు.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు నేను ఆ ఊరి బోర్డు పాఠశాలకు తెలుగు ఉపాధ్యాయుడిగా వెళ్లాను. లాంతరు చిమ్నీ కోసం ఆయన కొట్టుకు వెళ్లడమే మా తొలి పరిచయం. పొట్టి మనిషి. కళ్లజోడుకు ఒక కాడ విరిగి, దాని స్థానే నూలుదారం చెవికి చుట్టి ఉంది. మొలలో ముడులు వేసిన పురికొస ఒకటి వేలాడుతోంది. చిమ్నీ చేతికివ్వకుండానే అడిగాడు.

"మాస్టారూ, మీది ఏ ఊరు? మీ ఊళ్లో గుమ్మాల మీద ఏటుంటాది?"

"మామిడాకులుంటాయి" అన్నాను.

"అది కాదండి. రాతి మీద. బొడిపెలు ఉంటాయా?"

ఉండవన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. వెనకాల నిలబడ్డ నలుగురు బేరగాళ్లను అక్కడే వదిలి, నన్ను రెక్క పట్టుకొని వీధిలోకి తీసుకెళ్లాడు. ఆ సాయంత్రం చిమ్నీ లేకుండానే నేను ఇంటికి వెళ్లాను.

ఆయన చూపించే దాకా నేను చూడనేలేదు. ఆ వీధిలో పాత రాతి ఇళ్లు పద్నాలుగు. ప్రతి ఇంటి గుమ్మం మీదా నిలువెడు రాయి అడ్డంగా, దాని మీద వరసగా తొమ్మిది గుండ్రటి బొడిపెలు. గోడ పైభాగం నున్నగా ముగియదు. ఒకదానికన్న ఒకటి ముందుకు జరిగిన మూడు రాతి మెట్లుగా వచ్చి, వాటి మీద పెంకు కప్పు కూర్చుంటుంది. గోడలోని దీపపు గూళ్లకు కమాను లేదు. రాళ్లను అటూ ఇటూ కొంచెం కొంచెంగా జరుపుకుంటూ పోయి పైన కలిపేశారు. అరుగుల చివర స్తంభాల తలల మీద ఉసిరికాయ చీలికల్లాంటి గీతలతో గుండ్రటి రాళ్లు. మైదానంలో ఏ బజారులోనూ ఇటువంటి కట్టడం నేను చూడలేదు. ఇక్కడికి ఇవి ఎలా వచ్చాయి? ఆ ప్రశ్నే సోమలింగం గారి జీవితవ్యాసంగం.

ముందు ఆయన వీధిలోని ఆడవాళ్లను అడిగాడు. పండగ నాడు ఆ తొమ్మిది బొడిపెలకూ పసుపు రాసి బొట్టు పెట్టేది వాళ్లే గనక. ఒకావిడ నవధాన్యాలంది. ఒకావిడ తొమ్మిది నెలలని సిగ్గుపడుతూ చెప్పింది. ఒక ముసలావిడ మాత్రం, "మా అత్త ఎట్టమంది, ఎట్టేను. నీకేటి బాబూ, కొట్టు చూసుకో" అని విసుక్కుంది. ఆయన మూడు జవాబులూ నోటు పుస్తకంలో రాసుకున్నాడు. మూడోదాని పక్కన "ఈమె ఒక్కతే నిజం చెప్పింది" అని కూడా రాసుకున్నాడు.

మరొక రోజు జడివానలో, గొడుగు లేకుండా, తన ఇంటి గోడకు ఎదురుగా వీధి మధ్య నిలబడి ఉన్నాడు. గంటసేపు. కొడుకు సత్యం అరుగు మీద నుంచి పిలుస్తున్నాడు, వినడు. పిచ్చెక్కిందని వీధి నవ్వింది. నన్ను చూసి కేకేశాడు. "మాస్టారూ, బేగి రండి! ఆ మూడు మెట్లూ అందానికనుకున్నాను ఇన్నాళ్లూ. సూడండి, నీళ్లు ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టు మీదికి జారి ఎంత దూరంగా పడతన్నాయో! గోడకి సుక్క తగలనేదు!" మన్యపు వానలో నలభై ఐదేళ్లుగా ఆ ఇంట్లోనే నివసిస్తూ, తన గోడ ఎందుకు తడవదో ఆ రోజు కనుగొన్న మనిషి ఆనందం వర్ణించడం నా చేతకాదు. "తెలిసినవాడు కట్టినాడండి ఇది. తెలిసినవాడి దగ్గర నేర్చుకున్నాడండి" అని తడిబట్టలతోనే మాటిమాటికీ అన్నాడు.

ఎవరి దగ్గర నేర్చుకున్నాడో చెప్పింది కిల్లో సుక్రి. కొండ మీది గూడెం నుంచి సంతకు అల్లం తెచ్చే నడివయసు స్త్రీ. అరుగు మీద గంప దించి, స్తంభం తల మీది ఉసిరికాయ రాయిని చేత్తో తడిమి నవ్వింది.

"ఏటి సుక్రీ, నవ్వుతన్నావు?"

"మా కొండ మీద గుడికి ఇలాటిదే ఉన్నాది సావుకారీ. ఇంత కాదు, మా ఇంటంత ఉన్నాది."

ఆయన ఆ శుక్రవారం కొట్టు మూసేశాడు. ఆదివారం నాడు సుక్రి ముందూ మేమిద్దరం వెనకా నడిచాం. గెడ్డలనే కొండవాగులు రెండు దాటి, సిల్వరు ఓకు తోటల పై నుంచి మూడు గంటల నడక. అడవి ఒక్కసారిగా విడిపోయి, ఎర్రమచ్చల రాతితో కట్టిన దేవాలయం మా ముందు నిలిచింది. గర్భగుడి మీద శిఖరం నిట్టనిలువుగా లేచి, పైకి పోయిన కొద్దీ లోపలికి వంగి, మెడ మీద ఆ ఇంటంత ఉసిరికాయను మోస్తోంది. ముందరి మంటపానికి మెట్లుమెట్లుగా కప్పు. లోపల చూస్తే కమాను లేదు, సున్నం లేదు. రాళ్లను ముందుకు జరుపుకుంటూ పోయి పైన కలిపేశారు. దేవుడు లేడు, శాసనం లేదు. గాంగుల కాలమో, తరవాతి కొండప్రభువుల కాలమో, మాబోటి వాళ్లం తేల్చగలిగింది కాదు. ఆరేడు వందల ఏళ్ల నాటి ఆ శిల్పుల బుద్ధి, మా ఊరి ఉప్పు కొట్ల గోడల మీద చిన్నచిన్న అక్షరాల్లో రాసి ఉందని మాత్రం ఆ క్షణాన తేటతెల్లమైంది.

అంత పాత గుడి చెట్లు మొలిచి కూలిపోకుండా ఎలా నిలిచిందని నేను అడిగాను. సుక్రి అదొక వింత ప్రశ్న అన్నట్టు చూసింది. "ఏటేటా వానలు తగ్గగానే మా వోళ్లొచ్చి మొక్కలు పీకేత్తారు. రాయి సందులో జువ్వి ఏరు దిగితే ఇడిపోద్ది కదా." ఎన్నాళ్లుగా అంటే, "మా అవ్వ పీకింది. ఆళ్ల అవ్వ పీకింది" అంది. సోమలింగం గారు అంతవరకు ఆమెను పేరు పెట్టి పిలిచేవాడు. ఆ మాట విన్నప్పటి నుంచి అక్కను పిలిచినట్టు "అప్పా" అని పిలిచాడు. కడదాకా అలాగే పిలిచాడు.

అయితే ఒక చిక్కు. ఉసిరికాయ దొరికింది, మెట్ల కప్పు దొరికింది, గూడు దొరికింది. తొమ్మిది బొడిపెలు ఎక్కడా లేవు. గుడి గుమ్మం పైన, అవి ఉండవలసిన చోట, ఊడిన పన్ను జాగాలాగా ఖాళీ. ఆయన పురికొస తీసి ఆ ఖాళీని కొలిచి ముడి వేశాడు.

"ఇక్కడ రాయి ఉండాలే. ఏమైనాది అప్పా?"

ఆమె గెడ్డ వైపు చూస్తూ, "తెల్దు" అంది.

తరవాత ఆయన ముఖలింగం దాకా వెళ్లి వచ్చాడు. కొట్టు సత్యానికి అప్పగించి, రైలెక్కి, బస్సెక్కి, పడవెక్కి. అక్కడి పాత గుళ్ల గుమ్మాల మీద వరసగా కూర్చున్న గ్రహదేవతలను చూసి, మా వీధి బొడిపెలు ఏ మూర్తులకు ఛాయలో తెలుసుకొని, పిల్లవాడిలా ఎగురుతూ వచ్చాడు. కాని ఆ ఆనందమే ఆయనను ఒక నెల తిరగకుండా కుంగదీసింది.

దసరాకు ఇళ్లకు సున్నాలు వేస్తున్నారు. ఆయన ఇంట్లో దేవుడి గది గుమ్మం మీద తాతల నాటి సున్నం అట్టలు కట్టి, మా వీధి గుమ్మపు రాళ్లన్నింటికన్నా పెద్దదిగా కనిపించే రాయి ఒకటి ఉంది. ఆయనకు ఎందుకో అనుమానం తోచి పురికొస పెట్టి చూశాడు. గుడి దగ్గరి ముడికి అటు నాలుగు వేళ్లు, ఇటు నాలుగు వేళ్లు తక్కువ. నన్ను పిలిపించాడు. "సరిపోనేదు కాబట్టి ఇది కాదనుకోవచ్చు మాస్టారూ. కాదనుకుంటే బాగుణ్ణు" అన్నాడు. ఆపైన కొబ్బరిచిప్పతో సున్నం గీకడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి ఒక ముఖం బయటపడింది. సాయంత్రానికి తొమ్మిది. తామరలు పట్టుకొని, పద్మాసనాలు వేసుకొని, చివరి దేవతకు నడుము కింద పాము తోక. రెండు కొసలనూ ఎవరో ఉలితో నరికి, ఇంటి గుమ్మానికి పట్టేటట్టు పొట్టి చేశారు.

అప్పుడు ఆయన తల్లి చిట్టెమ్మ గారు గదిలోకి వచ్చారు. ఎనభై దాటిన వృద్ధురాలు. "గీకొద్దంటే ఇనవు కదా" అన్నారు. "మీ తాతే తెచ్చినాడు. దున్నపోతుల్ని కట్టి కొండ మీంచి ఈడిపించినాడు. ఆ యేడే మీ నాన్న పుట్టినాడు. ఇల్లు నిలబడిందంటే ఆ రాయి వల్లేనని మీ తాత నమ్మకం. మేస్త్రీలు దాన్ని సూసే ఊరంతటికీ బొడిపెలు చెక్కినారు."

మూడు రోజులు కొట్టు తెరవలేదు. నాలుగో రోజు సుక్రి గూడేనికి ఒక్కడే వెళ్లాడు. తిరిగి వచ్చి నాకు చెప్పిన మాటలు ఇవి: "అప్పకి మొదట్నించీ తెలుసునండి. గూడెం అంతటికీ తెలుసు. మరెందుకు సెప్పలేదంటే, 'మీ కొట్లోనే కదా ఉప్పు కొనాల' అంది. నాకు తల ఎత్తబుద్ధి కానేదు మాస్టారూ." ఆ మాట చెబుతూ ఆయన కంటతడి పెట్టాడు. ఆయన కళ్లలో నీరు నేను చూడటం అదొక్కసారే.

రాయిని తిరిగి గుడికి చేరుస్తానని ఆయన ప్రకటించినప్పుడు ఇల్లు రెండుగా చీలింది. తల్లి అన్నం మానేసింది. సత్యం, నెమ్మదైన యువకుడు, తండ్రికి ఎదురు చెప్పడం ఎవరూ ఎరగరు, ఆ రోజు నా ఎదుటే నిలదీశాడు.

"ఊళ్లో ఏటని సెప్పుకుంటాం నాన్నా? తాత దొంగ అనా?"

"తాత గురించి నాను ఏటీ సెప్పనురా. రాయి గురించి సెప్తాను."

"గోడ కూలితే?"

"మళ్లీ కడతాను."

సత్యం లేచి వెళ్లిపోయాడు. ఆ తరవాత తండ్రితో కొట్టు మాటలు తప్ప మరో మాట లేదు. కొండ ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. వర్తక సంఘం పెద్దలు వచ్చి, ఇవాళ నువ్వు రాయి ఇస్తే రేపు వాళ్లు భూములడుగుతారని హెచ్చరించారు. ఆయన వాళ్లకు కాఫీ ఇచ్చి పంపాడు.

సంక్రమణం దాటి, దారి ఆరిన మాఘంలో ఆ రాయి కదిలింది. గోడకు టేకు దుంగలు పోటు పెట్టి, రాయిని దింపి, ఎండుగడ్డిలో చుట్టి, వెదురు బొంగులకు కట్టారు. పద్దెనిమిది మంది మోశారు. అందులో పదహారు మంది సుక్రి గూడెం వాళ్లు. తక్కిన ఇద్దరూ మా ఊరి మేస్త్రి రాములూ, అతని తమ్ముడూ. దున్నపోతులు కిందికి ఒక్క పూటలో ఈడ్చిన దూరం, మనుషులు పైకి మోయడానికి నాలుగు రోజులు పట్టింది. రెండో గెడ్డలో ఒక బొంగు విరిగి రాయి ఒరిగిపోతే, ఈయన నడుము లోతు నీళ్లలోకి దిగి భుజం పెట్టాడు. ఆ భుజం తరవాత ఎన్నడూ పూర్తిగా పైకి లేవలేదు. త్రాసు ఎడమ చేత్తో పట్టడం అప్పటి నుంచే.

గుమ్మం ముందు మట్టితో వాలు కట్టి, దుంగల మీద రాయిని దొర్లించి పైకి చేర్చారు. జాగాలో కూర్చుంది. రెండు వైపులా నాలుగు వేళ్ల సందు మిగిలింది, తాతగారి మేస్త్రీలు నరికిన మేర. రాములు ఆ సందులకు రెండు రాతి ముక్కలు కోసి, వాటి మీద తీగ చెక్కడానికి ఉలి తీశాడు. అతని తాత ఆ ఊరి ఇళ్లు కట్టినవాడే. చేతిలో విద్య ఉంది. సోమలింగం గారు చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు రాములూ. నున్నగానే ఉంచు."

"బాగోదు బాబూ, అతుకు తెలిసిపోద్ది."

"తెలియాల. మనం సేసింది తెలియాల. ఇక్కడ అబద్ధం ఆడకూడదు."

శాస్త్రం చదివిన వారు ఈ సూత్రాన్ని ఎంత ప్రౌఢంగా చెబుతారో నాకు తెలియదు. ఉప్పు కొట్టు సావుకారు అంత తేలికగా చెప్పాడు. ఆ రెండు చదును ముక్కలూ ఇప్పటికీ ఆ తొమ్మిది మూర్తులకు అటూ ఇటూ అలాగే ఉన్నాయి.

ఫాల్గుణంలో చిట్టెమ్మ గారు ఒక ఉదయం, "నన్నోసారి తీసుకెళ్లు. సచ్చేలోగా ఆ రాయి ఎక్కడుందో సూసొత్తాను" అన్నారు. డోలీ కట్టారు. గుడి గుమ్మం ముందు దించితే, సుక్రి భుజం ఆసరాగా నిలబడి, తల వెనక్కి వాల్చి చాలాసేపు చూశారు. "అరవై యేళ్లు పసుపు రాసినాను" అన్నారు చివరకు. "ఈళ్లకి ముకాలున్నాయని నాకు తెల్దు." తిరుగుదారిలో సుక్రి డోలీ పక్కనే నడిచింది. ఆ ఇద్దరు స్త్రీలూ ఏవో మాట్లాడుకుంటూనే దిగారు. చిట్టెమ్మ గారు ఆ మరుసటి ఏడు ప్రశాంతంగా కన్నుమూశారు, ఇల్లు కూలలేదు.

ఊరికి ప్రభుత్వ వైద్యశాల మంజూరైనప్పుడు వచ్చిన యువ ఇంజనీరు సిమెంటు పలకల కప్పు గీసుకొచ్చాడు. సోమలింగం గారు వాదించలేదు. వాన కోసం కాచుకొని, అతనికి గొడుగిచ్చి, తన గోడ ముందు నిలబెట్టాడు. ఆ వైద్యశాలకు నేడు మూడు మెట్ల చూరు ఉంది. రాములు కట్టాడు. గుమ్మం మీద తొమ్మిది బొడిపెలు పెట్టమంటావా అని అతను అడిగితే, "ఎందుకు ఎడతన్నావో తెలిసి ఎట్టు, తెలీకపోతే మానీ" అన్నాడట. రాములు ఆలోచించి మానేశాడు. చెక్కకుండా వదిలిన ఆ రాయిని చూపించి, తన మాట విన్న ఒకే ఒక్క మేస్త్రి అని ఆయన గర్వంగా చెప్పుకునేవాడు.

పట్నం నుంచి ఒక పెద్దాయన వచ్చి, గుడిని ఫోటో తీసి, దీన్ని కనుగొన్నది మీరేనా అని అడిగాడు. "కనుక్కోడానికి అదెక్కడ తప్పిపోయిందండి? ఆళ్లు ఏటేటా మొక్కలు పీకుతన్నారు" అన్నాడాయన. పెద్దాయన ఆ మాట రాసుకోలేదు. నేను రాసుకున్నాను.

బదిలీపై నేను కొండ దిగి రెండేళ్లయింది. పదకొండో రోజుకు రాయిగెడ్డ వెళ్లాను. సుక్రి గూడెం నుంచి ముప్పై మంది దాకా వచ్చి అరుగుల మీద కూర్చున్నారు. వర్తకుల పెళ్లికీ చావుకూ వాళ్లు అలా వచ్చి కూర్చోవడం ఆ వీధి అంతకు ముందు చూసి ఎరగదు. సత్యం శిరోముండనంతో దేవుడి గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆ గుమ్మం మీద ఇప్పుడు ఉన్నది చిత్రిక పట్టిన మామూలు టేకు దూలం. లోపలి నుంచి పదకొండు నోటు పుస్తకాలు తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇవి నాకు బోధపడవు మాస్టారూ. మీరు ఉంచండి. నాకు ఒక్కటే కావాల. రేపు నన్ను అక్కడికి తీసుకెళ్లండి."

మర్నాడు వెళ్లాం. గుడి ముందుకు రాగానే చెప్పులు విప్పి, గుమ్మం కింద నిలబడి, తొమ్మిది మూర్తులనూ వేలితో ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు. చదును ముక్కల మీద చెయ్యి వేసి చూశాడు. తరవాత మెడ ఎత్తి శిఖరం కొసన ఉన్న ఉసిరికాయ వైపు ఎంతో సేపు చూసి, నా వైపు తిరిగాడు. కళ్లు నీళ్లతో నిండి ఉన్నాయి. అయినా ఆ ముఖంలో ఉన్నది దుఃఖం ఒక్కటే కాదు.

"అంత రాయి అంత ఎత్తుకి ఎలగ ఎక్కించినారు మాస్టారూ? అప్పట్లో?"

నేను పదేళ్లు తెలుగు చెప్పినవాణ్ని. ఆ పుణ్యాత్ముడి వెంట ఆ కొండ ఇరవైసార్లు ఎక్కినవాణ్ని. అయినా, మట్టివాలు ఎంత పొడుగుంటే ఆ ఎత్తు అందుతుందో, ఎన్ని దుంగలు కావాలో, తాడు ఏ నారతో పేనాలో, నేల మీద పుల్లతో గీసి చెప్పగలిగిన మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన లేడని బస్సు కండక్టరు చెప్పిన నాడు విన్నాను. ఆ గుమ్మం ముందు, ఏమీ చెప్పలేక తల దించుకున్నప్పుడు తెలుసుకున్నాను.